షికాగో స్కూల్ బోర్డు, ఎల్‌ఎస్‌సీ: తల్లిదండ్రులకు ఏది ఎంత పనికొస్తుంది?

హైదరాబాద్‌లో ప్రభుత్వ బడి గురించి ఫిర్యాదు ఉంటే డీఈఓ ఆఫీసుకు వెళ్తాం. బడులు జీహెచ్‌ఎంసీ చేతిలో ఉండవు కాబట్టి కార్పొరేటర్‌ను పట్టుకుని లాభం లేదు. షికాగోలోనూ సగం అంతే. సిటీ కౌన్సిల్‌లో 50 వార్డులకు 50 మంది ఆల్డర్‌మన్లు ఉంటారు. రోడ్డు గుంత, చెత్త బండి, పార్కింగ్ పర్మిట్ వాళ్ల దగ్గర తేలతాయి. బడి మాత్రం స్కూల్ బోర్డుది. దాని ఎన్నిక వేరు, పన్ను వేరు, మ్యాపు కూడా వేరే. ఒకే ఇంటికి వార్డు నంబరు ఒకటి, స్కూల్ బోర్డు జిల్లా నంబరు ఇంకొకటి. వార్డు నంబరు పట్టుకుని స్కూల్ బోర్డు అభ్యర్థిని వెతికితే దొరకడు.

నగరమంతటికీ ఈ బోర్డు, బడి స్థాయిలో ఎల్‌ఎస్‌సీ, అంటే లోకల్ స్కూల్ కౌన్సిల్. ముందు బోర్డు సంగతి. 1995 నుంచి బోర్డు సభ్యులందరినీ మేయరే నియమించేవాడు. 2013లో ఒక్కసారిగా 50 దాకా బడులు మూసేశాక, ఎన్నికైన బోర్డు కావాలన్న ఉద్యమం గట్టిపడింది. 2021లో చట్టం వచ్చింది. 2024 నవంబరులో తొలి ఎన్నిక జరిగింది గానీ అది సగం ఎన్నికే. నగరాన్ని 10 జిల్లాలు చేసి, ఒక్కోదాన్ని మళ్లీ 1ఎ, 1బి అంటూ రెండు ముక్కలు చేశారు. గెలిచిన అభ్యర్థి ఏ ముక్కలో ఉంటే, రెండో ముక్క నుంచి ఒకరిని మేయర్ నియమించాడు. అధ్యక్షుడినీ ఆయనే పెట్టాడు. మొత్తం 21 మందిలో 11 మంది మేయర్ మనుషులే. 2026 నవంబరు ఎన్నికలో 20 జిల్లాలతో పాటు అధ్యక్ష పదవి కూడా ఓటర్ల చేతికి వస్తుంది. ఆ పూర్తి బోర్డు కూర్చునేది 2027 జనవరిలో. బ్యాలెట్‌పై పేర్ల పక్కన పార్టీ గుర్తింపు ఉండదు కాబట్టి, ముందే చదువుకుని వెళ్లకపోతే అక్కడ ఏమీ అర్థం కాదు.

ఈ సగం సగం ఏర్పాటు ఎంత ఇబ్బందో 2024 ఎన్నికకు నెల ముందే తెలిసింది. ఉపాధ్యాయుల కొత్త ఒప్పందం ఖర్చు ఒకటి, నగర పాలక సంస్థ ఉద్యోగుల పెన్షన్ నిధికి బడుల వంతుగా అడిగిన 17.5 కోట్ల డాలర్లు ఇంకొకటి. వీటి కోసం దాదాపు 30 కోట్ల డాలర్ల స్వల్పకాలిక అప్పు చేయాలని మేయర్ బ్రాండన్ జాన్సన్ వర్గం పట్టుబట్టింది. బడుల సీఈఓ పెడ్రో మార్టినెజ్ కుదరదన్నాడు. అక్టోబరులో, మేయరే నియమించిన అప్పటి బోర్డులోని ఏడుగురు సభ్యులూ మూకుమ్మడిగా రాజీనామా ప్రకటించారు. మేయర్ వేసిన కొత్త బోర్డు డిసెంబరు 20న మార్టినెజ్‌ను తీసేసింది. అంటే కుర్చీలు ఓటర్ల చేతికి వచ్చినా, డబ్బు పేచీ సిటీ హాలుతో ముడిపడే ఉంది. బోర్డుకు ఐదుకు రెండున్నర మార్కులు ఇస్తే ఎక్కువే.

అసలు సరుకు ఎల్‌ఎస్‌సీలో ఉంది. ఇది చాలావరకు ఒక్కో బడికి ఒక పాలక మండలి. 1988 చట్టంతో పుట్టింది, తొలి ఎన్నికలు 1989లో. ప్రాథమిక బడిలో 12 మంది: ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు స్థానికులు, ఇద్దరు టీచర్లు, టీచరు కాని సిబ్బంది ఒకరు, ప్రిన్సిపాల్. హైస్కూలైతే విద్యార్థులూ కూర్చుంటారు. మన దగ్గర విద్యాహక్కు చట్టం కింద పెట్టే ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ)లో కూడా తల్లిదండ్రులదే మెజారిటీ. కానీ హెడ్‌మాస్టర్‌ను ఎంచుకునే అధికారం దానికి లేదు. ఎల్‌ఎస్‌సీకి ఉంది. అర్హుల జాబితాలోంచి ప్రిన్సిపాల్‌ను తనే ఎంచుకుని నాలుగేళ్ల కాంట్రాక్టు ఇస్తుంది, ఏటా పనితీరు చూస్తుంది, గడువు తీరేముందు కొనసాగించాలో వద్దో తేలుస్తుంది. బడి బడ్జెట్, అభివృద్ధి ప్రణాళిక కూడా దీని ఆమోదంతోనే నడుస్తాయి.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు అతి ముఖ్యమైన మాట: ఎల్‌ఎస్‌సీకి ఓటు వేయడానికైనా, పోటీ చేయడానికైనా అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. పిల్ల ఆ బడిలో చదువుతుంటే చాలు. స్కూల్ బోర్డు ఎన్నికకు మాత్రం పౌరసత్వం తప్పనిసరి. ఎల్‌ఎస్‌సీ ఎన్నికలు సరి సంవత్సరాల్లో, వసంతకాలంలో, బడిలోనే జరుగుతాయి. పదవీకాలం రెండేళ్లు. నామినేషన్ కాగితాలు బడి ఆఫీసులోనే ఇస్తారు. గెలిస్తే వేలిముద్రలతో నేపథ్య తనిఖీ, ఆపైన శిక్షణ. ఈ రెండూ పూర్తి చేయనివాళ్ల సీటు పోతుంది. షికాగో బడుల ఉద్యోగి తల్లిదండ్రుల సీటుకు నిలబడలేరని మరిచిపోవద్దు.

ఇబ్బందులు తక్కువేం కాదు. చాలా బడుల్లో సీట్లకు సరిపడా అభ్యర్థులే ఉండరు, ఖాళీలు మిగిలిపోతాయి. ప్రిన్సిపాల్ ఎంపికకు ఏడు ఓట్లు కావాలి. తన కాంట్రాక్టు మీద ప్రిన్సిపాల్ ఓటు వేయకూడదు. 12 సీట్లలో మూడు ఖాళీ ఉంటే మిగిలేది ఎనిమిది ఓట్లు. వాళ్లలో ఇద్దరు ఆ సాయంత్రం రాకపోతే పని ఆగినట్టే. ఇంకోటి: ఎజెండా 48 గంటల ముందు అతికించాలి. అందులో లేని విషయం మీద ఆ రోజు ఓటింగ్ పెట్టకూడదు. కాబట్టి బస్సు రూటు గొడవో, లంచ్ గొడవో ఉంటే మీటింగు రోజు అరిచేకన్నా వారం ముందే ఛైర్‌పర్సన్‌కు ఈమెయిల్ పెట్టి ఎజెండాలో ఎక్కించుకోవాలి. ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు సంస్థలు నడిపే చార్టర్ బడుల్లో మాత్రం ఎల్‌ఎస్‌సీ ఉండదు, అక్కడ ఈ హక్కులేవీ పనిచేయవు. చేరేముందే అడగండి. ఎల్‌ఎస్‌సీకి ఐదుకు నాలుగు. ఆ తగ్గించిన ఒక్కటీ ఖాళీ సీట్ల వల్లే.

షికాగో శివారు ఊళ్లు నేపర్‌విల్, అరోరా వైపున్న తెలుగు కుటుంబాలకు ఇవేవీ వర్తించవు. ఇండియన్ ప్రెయిరీ 204 లాంటి స్కూల్ జిల్లాలో బోర్డుకు ఏడుగురు సభ్యులు, జీతం లేదు, బేసి సంవత్సరాల ఏప్రిల్‌లో ఎన్నిక. అక్కడ ఎల్‌ఎస్‌సీ లేదు, ప్రిన్సిపాల్‌ను వేసేది జిల్లాయే. ఓటు వేసేది కొద్దిమందే అయినా, ఇంటి పన్ను బిల్లులో అన్నిటికన్నా పెద్ద వరస మాత్రం స్కూల్ జిల్లాదే. సిటీ వరస దానికి చాలా కింద ఉంటుంది.