ముప్పై–ముప్పై కోసం సీసం పోత: లీ అచ్చుతో రెండు చలికాలాలు

బాలానగర్‌లో తొమ్మిదేళ్ళు టూల్ రూమ్ పని చేసి టెక్సాస్ వచ్చినవాణ్ణి. ఏ అచ్చు చేతికి వచ్చినా ముందు రెండు పలకలూ మూసి, లైటుకు ఎదురుగా పట్టి చూస్తాను. మధ్యలో వెలుగు గీత కనిపించిందంటే దానితో పని లేదు. తుపాకీకి సీసపు బుల్లెట్లు పోసుకోవడానికి కొన్న లీ కంపెనీవాళ్ళ సి309-170-ఎఫ్ అచ్చులో ఆ గీత కనబడలేదు. అల్యూమినియం పలకలు, ఒకేసారి రెండు బుల్లెట్లు పడే రెండు గదులు, చెక్క పిడులు కూడా దానితోనే వచ్చాయి. ఈ ధరలో పార్టింగ్ లైన్, అంటే పలకలు కలిసే గీత, ఇంత నీట్‌గా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇది ముప్పై–ముప్పై వించెస్టర్ అనే తూటా వాడే రైఫిల్ కోసం చేసిన అచ్చు. ఆ తూటా 1895లో వచ్చింది. నా దగ్గరున్నది దానితోనే పేరు తెచ్చుకున్న మోడల్ 94, జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన లివర్ తుపాకీ. దీని మ్యాగజైన్ ఒక గొట్టం. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి వెనక తూటా ముక్కు ముందుదాని ప్రైమర్‌కు, అంటే తూటా అడుగున మందును అంటించే చిన్న బిళ్ళకు, ఆనుతుంది. మొనదేలిన బుల్లెట్ పెడితే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ ప్రైమర్ పేలవచ్చు. అందుకే దీనికి ముక్కు చదునుగా ఉండాలి. పేరులో 170 అంటే గ్రెయిన్లలో బరువు. పౌనుకు 7000 గ్రెయిన్లు, అంటే పౌను లోహానికి దాదాపు 41 బుల్లెట్లు.

షాపులో దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. నా సమాధానం కొలత. మెత్తటి సీసపు ముక్కను బ్యారెల్‌లోంచి మెల్లగా తోసి, బయటికి వచ్చాక మైక్రోమీటర్‌తో కొలిచాను. బ్యారెల్ లోపలి మెలికల గాడుల దగ్గర 0.3085 అంగుళం వచ్చింది. సీసపు బుల్లెట్ దానికంటే ఒకటి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లావుగా ఉండాలి. సన్నగా ఉంటే వేడి గ్యాసు పక్కలనుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి బ్యారెల్‌కి అంటిస్తుంది. ఈ అచ్చులోంచి నా లోహంతో 0.310 వచ్చింది. నా తుపాకీ కొలతకు తగ్గ బుల్లెట్ నా గరాజ్‌లోనే తయారవుతోంది, నాకు అది చాలు.

మొదటి అరగంట ఓపిక కావాలి. అచ్చు చల్లగా ఉంటే బుల్లెట్ల మీద ముసలివాళ్ళ చేతిలా ముడతలు వస్తాయి. నేను అచ్చు మూలను కరిగిన సీసంలో కాసేపు ముంచి వేడి చేస్తాను. అయినా మొదటి ఐదారు పోతలూ తిరిగి కుండలోకే పోతాయి. ఏడో పోతకు బుల్లెట్ మీది గాడుల అంచులు తేలతాయి. పోసిన వెంటనే, అచ్చు పైన పోత రంధ్రాలున్న పలక మీద సీసం బొట్టులా నిలబడి మెరుస్తుంది. కళ్ళు దాని మీదే ఉంచాలి. మూడు నాలుగు సెకన్లకు ఆ మెరుపు మీద పొగమంచు పడ్డట్టు ఒక మసక జారిపోతుంది. ఇంకో రెండు అంకెలు లెక్కపెట్టి, చెక్క సుత్తితో ఆ పై పలకను పక్కకు కొడితే బుల్లెట్ అడుగు నున్నగా తెగుతుంది. తొందరపడితే అడుగున గుంట పడుతుంది. అడుగు చెడిపోయిన బుల్లెట్ గురికి పనికిరాదు, ముక్కు కొద్దిగా చెడినా ఫరవాలేదు. అచ్చు తెరవగానే రెండూ మడతపెట్టిన తువ్వాలు మీద టప్‌మని పడతాయి. పడకపోతే పిడుల మధ్య బోల్టు మీద చిన్నగా కొట్టాలి, అచ్చు పలకల మీద ఎప్పుడూ కొట్టకూడదు. బుల్లెట్లు వెండిలా కాక బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా వస్తుంటే అచ్చు మరీ వేడెక్కిందని గుర్తు. కాసేపు ఆపాలి.

సీసం కరిగించే కొలిమితో మాత్రం నాకు బాధే మిగిలింది. అడుగునుంచి పోసే రకం, ఇరవై పౌన్లు పడుతుంది. కొన్న రోజునుంచీ ముక్కు కారుతూనే ఉంది. కింద పెట్టిన డబ్బా మూతలో సీసం కుప్పపడేది. అమ్మినవాళ్ళకు రెండుసార్లు రాస్తే జవాబు రాలేదు. చివరికి గ్రైండింగ్ పేస్ట్ వేసి వాల్వ్ కడ్డీని దాని సీటులో చేత్తో తిప్పి రుద్ది ల్యాపింగ్ చేశాను. ఇప్పుడు ఎప్పుడో ఒక చుక్క పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మామూలు కుండ, గరిటెతో చేసుకోవడం మేలు.

లోహం విషయంలో జాగ్రత్త. టైరు షాపులోంచి తెచ్చిన చక్రాల బరువుల్లో ఇప్పుడు జింకు, ఇనుము చాలా కలుస్తున్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. మంట తక్కువలో ఉంటే జింకు ముక్కలు పైకి తేలతాయి, తీసిపారేయొచ్చు. అవి కరిగి కలిసిపోతే కుండెడు లోహం పాడైనట్టే. నేను కటింగ్ ప్లయర్‌తో ప్రతి ముక్కా నొక్కి చూస్తాను, సీసం సులువుగా దిగుతుంది. రెండు శాతం తగరం కలిపితే గదుల మూలలు బాగా నిండుతాయి. మా ఊళ్ళో విసురువలకు సీసపు గుళ్ళు పోసేవాళ్ళకు ఇంత లెక్క ఉండేది కాదు, వాళ్ళకు కావలసింది బరువే.

కుండ దగ్గర నీళ్ళ చుక్క ఉండకూడదు. తడి ముక్క కరిగిన సీసంలో పడితే ఒక్కసారిగా ఆవిరై కుండ మొత్తం మొహం మీదికి చిమ్ముతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గరాజ్ తలుపు తీసి, ఫ్యాను నా వెనకనుంచి బయటికి వీచేలా పెడతాను. పైన తేలే బూడిద పొడి అన్నిటికంటే ప్రమాదం, ఊదినా ఊడ్చినా గాలిలో కలుస్తుంది. మా ఇంట్లో చిన్నపిల్ల ఉంది. “ఏవండీ, ఆ చొక్కాతో లోపలికి రావద్దు” అని మా ఆవిడ గుమ్మం దగ్గర బుట్ట పెట్టింది. ఆ బట్టలు విడిగానే ఉతుకుతాం. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటున్నాను.

బుల్లెట్ల మీద పౌడర్ కోటింగ్ (వేడికి కరిగి పూతలా అంటుకునే రంగు పొడి) వేసి, వంటకు వాడని వేరే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాలుస్తాను. తర్వాత బుల్లెట్ అడుగుకు గ్యాస్ చెక్ అనే చిన్న రాగి మూత తొడిగి, సరైన కొలతకు తెచ్చే సైజింగ్ డైలోంచి తోస్తాను. తుపాకి మందు కొలత విషయంలో ఎవరి నోటిమాటా నమ్మొద్దు, ఆ బుల్లెట్‌కు అచ్చయిన మాన్యువల్‌లో ఉన్నదే వాడండి. సీసపు బుల్లెట్లకు మందు తక్కువ పడుతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా కేసులో, అంటే తూటా ఇత్తడి తొడుగులో, పట్టేస్తుంది కనుక, బుల్లెట్ దించే ముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూస్తాను. మామూలు ఇనుప సైట్లతో వంద గజాల దగ్గర ఐదు బుల్లెట్లు రెండున్నర అంగుళాల్లో పడ్డాయి. బ్యారెల్‌లో సీసం అంటలేదు.

ఒక మాట మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్-1బి లాంటి వీసా మీదున్నవాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం, కాబట్టి ఇది చదివి అక్కడ ప్రయత్నించకండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం.

అచ్చుకు నా ఓటు ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది రెండే గదులు ఉన్నందుకు, గంటసేపు పోసినా రాశి పెద్దగా పెరగదు. మార్లిన్ కంపెనీ తుపాకుల్లో వచ్చే మైక్రో-గ్రూవ్ రకం బ్యారెల్ ఉన్నవాళ్ళు మాత్రం కొనేముందు సీసపు ముక్క తోసి కొలుచుకోండి. ఆ గాడులు లోతు తక్కువ, ఇంకాస్త లావు బుల్లెట్ అడగవచ్చు.