క్లీన్ ఎనర్జీలో విదేశీ యూనివర్సిటీతో పరిశోధన: చిన్న ట్రావెల్ గ్రాంటా, స్పార్కా, పెద్ద కన్సార్షియమా? ఏది మేలు?

సోలార్ సెల్స్, బ్యాటరీలు, హైడ్రోజన్, బయోఫ్యూయల్ లాంటి వాటి మీద పనిచేస్తూ ఈ మధ్యే యూనివర్సిటీలో చేరిన ఫ్యాకల్టీ ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న. బయటి దేశంలో ఒక ప్రొఫెసర్ కలిసి పనిచేద్దాం అంటున్నారు, ఏ గ్రాంటుకు అప్లై చేయాలి? సీనియర్లు ఇచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎక్కువ డబ్బు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళు. నేను దీనితో ఏకీభవించను. ఎంత ఇస్తారన్నది రెండో ప్రశ్న. ఆ డబ్బుతో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని అవతలి ల్యాబ్‌లో నాలుగైదు నెలలు ఉంచగలమా, వాళ్ళ విద్యార్థి ఇక్కడికొచ్చి అన్ని రోజులు ఉండగలడా, అన్నదే మొదటి ప్రశ్న. అది కుదరని గ్రాంటు కోట్లలో ఉన్నా తొలి అడుగుకు పనికిరాదని నా అభిప్రాయం. ఈ కింద పోల్చినవన్నీ ఈ కొలత మీదే పోల్చాను.

ఇదే కొలత ఎందుకు అంటే క్లీన్ ఎనర్జీలో పని చాలావరకు చేతుల్లో ఉంటుంది, మిగతాది వాతావరణంలో ఉంటుంది. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సోలార్ సెల్ సంగతి చూడండి. 2009లో జపాన్‌లో మొదటిసారి చూపించినప్పుడు దాని సామర్థ్యం 3.8 శాతం. ఇప్పుడు ల్యాబుల్లో 25 శాతం దాటింది. అయితే పేపర్ చదివి అదే సెల్ చేద్దామని కూర్చుంటే అది రాదు. తిరుగుతున్న గాజు పలక మీద రెండో ద్రావకం చుక్క ఏ సెకనులో పడాలి, గాలి చొరకుండా మూసి, గ్లవ్స్‌తో లోపల పనిచేసే గ్లవ్ బాక్స్‌లో తేమ ఎంత వరకు ఫరవాలేదు, ఇవన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకునేవి. నమూనాలు కొరియర్‌లో పంపుకుందాం అంటారా, పెరోవ్‌స్కైట్‌కు తేమ పడదు, దారిలోనే పాడవుతుంది. లిథియం అయాన్ సెల్స్ అయితే విమాన రవాణా నిబంధనల ప్రకారం ప్రమాదకర సరుకు. విడిగా పంపాలంటే 2016 నుంచి ప్రయాణికుల విమానంలో ఎక్కించరు, కార్గో విమానంలోనూ చార్జింగ్ 30 శాతం మించకూడదు. ఇంత తతంగం కంటే మనిషిని పంపడం తేలిక.

ఇక వాతావరణం. అవతలి ల్యాబ్‌లో ఎండలాంటి వెలుతురునిచ్చే ఖరీదైన సోలార్ సిమ్యులేటర్ ఉంటుంది కానీ అనంతపురం మే నెల ఎండ ఉండదు, విశాఖ తేమ ఉండదు. మామూలు సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. మండుటెండలో ప్యానెల్ 60 డిగ్రీలకు చేరిందనుకోండి, 14 శాతం అక్కడే పోయింది, పైన దుమ్ము సంగతి వేరే. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును పక్కనే పెట్టుకుని, మా దగ్గర ఏముందని విదేశీ భాగస్వామి ముందు చిన్నబుచ్చుకునే వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళు కొనలేని డేటా మన దగ్గరుంది. దాన్ని తీసుకోవాలంటే వాళ్ళ మనిషి ఇక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉండాలి.

ముందుగా అన్నింటికంటే చిన్నవి, కేవలం ప్రయాణానికి, బసకు ఇచ్చేవి. అమెరికాలో ఎంఐటీ 2008 నుంచి మిస్టీ గ్లోబల్ సీడ్ ఫండ్స్ అని నడుపుతోంది. అక్కడి ఫ్యాకల్టీ అప్లై చేస్తారు, వేరే దేశంలోని భాగస్వామితో కొత్తగా మొదలయ్యే పనికి రాకపోకల ఖర్చు వస్తుంది, విద్యార్థులను కలుపుకోవాలని ప్రోత్సహిస్తారు. జీతాలకు, పరికరాలకు కాదు. మన కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్టీ), జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ కలిసి నడిపే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ కూడా ఇదే తరహా, రెండేళ్ళు రాకపోకలకు డబ్బు. ఎవరి మనుషుల ఖర్చు వారి దేశమే చూసుకోవడం ఇందులో సౌకర్యం.

ఈ రకం గ్రాంటుల్లో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. అప్లికేషన్ చిన్నది, పోయినా పెద్ద నష్టం లేదు, ఇద్దరి మధ్య పని కుదరదని తెలిస్తే ఏడాదిలో ఎవరి దారి వారు చూసుకోవచ్చు. నచ్చనిది ఆ డబ్బు ఖర్చయ్యే తీరు. చాలాచోట్ల ప్రొఫెసర్ వారం వెళ్ళొస్తారు, వాళ్ళ ప్రొఫెసర్ వారం వస్తారు, మధ్యలో ఒక వర్క్‌షాప్, ఒక ఎంఓయూ (అవగాహన ఒప్పందం), రెండేళ్ళు అయిపోయాయి. ఇద్దరు ప్రొఫెసర్ల రెండేసి ట్రిప్పులకు పెట్టే విమాన, హోటల్ ఖర్చుతో ఒక విద్యార్థి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎన్ని నెలలు పని చేయగలడో ఒకసారి లెక్క వేసి చూడండి. ప్రొఫెసర్లు వీడియో కాల్‌లో మాట్లాడుకోవచ్చు. ఎక్స్‌పెరిమెంట్ వీడియో కాల్‌లో అవదు. కాబట్టి ట్రావెల్ గ్రాంటు మేలా అంటే, ముప్పాతిక వంతు విద్యార్థికి రాసిపెడితే మేలు, లేకపోతే కాదు.

రెండోది స్పార్క్. కేంద్ర విద్యాశాఖ 2018లో తెచ్చిన పథకం, ఐఐటీ ఖరగ్‌పూర్ సమన్వయం చేస్తుంది. మొదట 418 కోట్లతో, రెండేళ్ళ గడువుండే 600 ఉమ్మడి ప్రాజెక్టులకని ప్రకటించారు. భాగిస్తే సగటున ఒక్కోదానికి 70 లక్షల లోపు. ఈ సైజు తొలి అడుగుకు సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది. ముఖ్యంగా విదేశీ ఫ్యాకల్టీ ఇక్కడికొచ్చి ఎక్కువకాలం ఉండటం, మన విద్యార్థులు అక్కడి ల్యాబుల్లో శిక్షణ పొంది ప్రయోగాలు చేయడం ఈ పథకం లక్ష్యాల్లోనే ఉన్నాయి, మనం బతిమాలి చేర్చించుకునే పని లేదు.

కానీ స్పార్క్ గుమ్మం అందరికీ అందదు. మన సంస్థ కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ముందుండాలి, అవతలి సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో ఉండాలి. ఐఐటీ హైదరాబాద్‌కో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో ఇది సమస్య కాదు. జిల్లాల్లోని స్టేట్ యూనివర్సిటీల్లో ఎంతోమందికి మాత్రం తలుపు ఇక్కడే మూసుకుంటుంది. సోలార్ పార్కుల పక్కనే ఉన్న యూనివర్సిటీకి సోలార్ పరిశోధనలో చోటు దొరకకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఇంకో చిక్కు, రెండేళ్ళలో మొదటి ఆరు నెలలు డబ్బు అకౌంట్లోకి రావడానికి, వీసాలకు, కొనుగోళ్ళకు పోతాయి. చివరి మూడు నెలలు యూసీలు (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే సర్టిఫికెట్లు), ఆడిట్. నిజంగా పనికి మిగిలేది పదిహేను నెలలని ముందే అనుకుని ప్లాన్ వేసుకోవాలి.

మూడోది ఇండో జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్, 2010లో పెట్టిన ఐజీఎస్‌టీసీ. వాళ్ళ టూ ప్లస్ టూ పద్ధతిలో రెండు దేశాల నుంచీ ఒక్కో పరిశోధన సంస్థ, ఒక్కో కంపెనీ కలిసి రావాలి. మూడేళ్ళు, మన వైపు 3 కోట్ల దాకా, జర్మనీ వైపు నాలుగున్నర లక్షల యూరోల దాకా ఇస్తూ వచ్చారు, కంపెనీ తన వాటా తాను పెట్టాలి. దీని గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పనిచేసే ప్రోటోటైప్ ఉండి, దాన్ని తయారు చేస్తామనే కంపెనీ ఉంటే ఇంతకంటే మంచిది లేదు. అవి లేకుండా గ్రాంటు కోసం కంపెనీని వెతుక్కుంటూ బయల్దేరితే ఏడాది అందులోనే గడిచిపోతుంది.

అన్నింటికంటే పెద్దది కన్సార్షియం, అంటే చాలా సంస్థలు కలిసి ఒకే పనికి కట్టే కూటమి. దీనికి మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ భారత్, అమెరికాల ఉమ్మడి క్లీన్ ఎనర్జీ పరిశోధన కేంద్రం. 2010 నవంబరులో ఒప్పందం, 2012లో మూడు బృందాల ఎంపిక. సోలార్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ల్యాబ్ (ఎన్ఆర్ఈఎల్) నాయకత్వం. భవనాల్లో విద్యుత్ పొదుపుకు అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్. రెండో తరం బయోఫ్యూయల్‌కు మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా. ఈ మూడో బృందంలో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా ఉండేది, జొన్న, సజ్జ లాంటి పంటల చొప్ప నుంచి ఇంధనం తీయడం మీద పని. అమెరికా ఐదేళ్ళకు రెండున్నర కోట్ల డాలర్లు, మన ప్రభుత్వం దానికి సమానంగా, పైన భాగస్వాముల సొంత వాటా.

ఇంత డబ్బులో ఏం దొరుకుతుందంటే సమయం. ఐదేళ్ళంటే ఒక పీహెచ్‌డీ మొదలై పూర్తవుతుంది, పంట నాలుగైదు సీజన్లు వేసి చూడొచ్చు, ప్యానెల్‌ను నాలుగైదు ఎండాకాలాలు ఎండలో పెట్టి చూడొచ్చు. రెండేళ్ళ గ్రాంటు ఇది ఎప్పటికీ ఇవ్వలేదు. ఏం పోతుందంటే వేగం, స్వేచ్ఛ. ఒప్పందం నుంచి ఎంపికకే ఏడాదిన్నర పట్టింది. మధ్యలో కొత్త ఆలోచన వస్తే దిశ మార్చుకోవడానికి ఎన్ని సంస్థల సంతకాలు కావాలో ఊహించండి. పైగా ఇంతకు ముందు కలిసి పనిచేయని వాళ్ళు అందులో చేరితే ఎవరి పని వారు ఎవరి ల్యాబ్‌లో చేసుకుని, చివర్లో రిపోర్టులు ఒక ఫైల్లో కలుపుతారు.

అందుకే హైదరాబాద్‌లో జరిగింది నాకు మంచి పాఠంగా కనిపిస్తుంది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు కలిసి నగరంలోని కమర్షియల్ భవనాల పైకప్పుకు తెల్లపూత వేసి, ఏసీ కరెంటు ఎంత తగ్గుతుందో కొలిచారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి, ఏసీ వాడకంలో అది 14 నుంచి 26 శాతం. పూత లేని మామూలు కాంక్రీటు కప్పుకైతే 13, 14 యూనిట్లు మిగలొచ్చని అంచనా కట్టారు. 2012లో ఇది జర్నల్లో వచ్చింది. అదే ఏడాది ఎంపికైన భవనాల కన్సార్షియంలో ఈ రెండు సంస్థలూ భాగస్వాములు. అంటే పెద్ద డబ్బు వచ్చేనాటికే వాళ్ళ చేతిలో కలిసి కొలిచిన అంకెలున్నాయి, ఒకరి పని పద్ధతి ఇంకొకరికి తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు వైశాల్యం లక్ష్యంగా పెట్టుకుంది. పాలసీకి ఇంకా ఎన్నో కారణాలు ఉండొచ్చు, కానీ మన ఊరి కప్పు మీద మన వాళ్ళు కొలిచిన లెక్క ముందే ఉండటం చిన్న విషయం కాదు. అది అరిజోనాలో కొలిచిన అంకె అయితే ఇక్కడి ఇంజినీర్ నమ్మాలని ఏముంది?

కాబట్టి నా తీర్పు ఇలా. భాగస్వామితో ఇంకా ఒక్క ప్రయోగం కూడా కలిసి చేయలేదా, అర్హత ఉంటే స్పార్క్, లేకపోతే ట్రావెల్ గ్రాంటు, కానీ విద్యార్థి పేరు మీద. కలిసి కొలిచిన డేటా, ఒక పేపర్ చేతిలో ఉన్నాయా, అప్పుడు కన్సార్షియం కోసం ధైర్యంగా వెళ్ళండి. పంట, ప్యానెల్ మన్నిక లాంటి ఏళ్ళ తరబడి చూడాల్సిన పని అయితే చివరికి అక్కడికి చేరక తప్పదు కూడా. మొదటి రోజే కన్సార్షియంలో ఇరవయ్యో భాగస్వామిగా చేరడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

డబ్బు ఒక్క దేశం నుంచే వస్తుంటే ఇంకో జాగ్రత్త. 2021 మార్చిలో బ్రిటన్ విదేశీ సాయం బడ్జెట్ కోసినప్పుడు అక్కడి పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ చేతికి 12.5 కోట్ల పౌండ్లే వచ్చాయి, అప్పటికే ఇస్తామన్న మాట అంతకంటే 12 కోట్ల పౌండ్లు ఎక్కువ. నడుస్తున్న ప్రాజెక్టులకు నిధులు తగ్గాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. రెండు దేశాలు చెరిసగం పెట్టే పథకంలో అవతలి వైపు ఆగినా మన వైపు నుంచి వచ్చే విద్యార్థి ఫెలోషిప్ ఆగదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 నుంచి నెలకు 37 వేలు. అది ఎవరి ఖాతా నుంచి వస్తుందో సంతకం పెట్టక ముందే తెలుసుకోండి.

ట్రస్టు నడిపే ప్రైవేటు కాలేజీల వాళ్ళకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) టెన్షన్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా విదేశీ డబ్బు నేరుగా తీసుకోలేరు. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. "పెద్ద యూనివర్సిటీ తీసుకుని మాకు కొంత ఇస్తుంది" అనే మాట నమ్మి ప్లాన్ వేయొద్దు. ఎవరి దేశం డబ్బు వారే ఖర్చు పెట్టుకునే పథకాలైతే ఈ గొడవే ఉండదు, ఇలాంటి కాలేజీలకు అవే మేలు.

ఇక భాగస్వామితో మొదటి కాల్‌లోనే అడిగేయాల్సినవి రెండున్నాయి. మా విద్యార్థి వస్తే ఏ పరికరం మీద వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది, బెంచ్ ఫీజు ఉందా. కొన్ని విదేశీ యూనివర్సిటీలు ల్యాబ్ వాడుకున్నందుకు నెల నెలా ఫీజు అడుగుతాయి, ప్రయాణానికి, బసకు ఇచ్చే గ్రాంటులో దానికి పద్దు ఉండదు. మాఫీ చేస్తామని వాళ్ళ డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ తెప్పించుకుని, దాన్ని అప్లికేషన్‌కు జతచేయండి.