ఆరేళ్లుగా బైబిల్ పక్కన నోట్‌బుక్ పెట్టుకుని చదువుతున్నా, నా అనుభవం ఇదీ

మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. తొమ్మిది నోట్‌బుక్కులు నిండాయి, పదోది నడుస్తోంది. ఆరేళ్లూ రోజూ రాశానా అంటే అస్సలు లేదు. వారాలకి వారాలు ఖాళీ పోయినవి ఉన్నాయి, ఒకసారైతే నాలుగు నెలలు బుక్కే ముట్టుకోలేదు. అయినా వదలకుండా ఎందుకు రాస్తున్నానో, ఏం పనికొచ్చింది ఏం పనికిరాలేదో చెప్తా, కొత్తగా మొదలుపెడదాం అనుకునేవాళ్లకి ఉపయోగపడుతుందేమో.

ముందు నేను చేసిన పెద్ద తప్పు, తేదీలు ప్రింట్ చేసి ఉన్న డైరీ తీసుకోవడం. రెండు రోజులు మిస్ అయితే ఆ రెండు ఖాళీ పేజీలు మనల్నే చూస్తున్నట్టు ఉంటాయి, వారం మిస్ అయితే ఇక డైరీ తెరవాలన్నా మొహం చెల్లదు. మార్చికల్లా ఆ డైరీ అటకెక్కింది. తర్వాత నుంచి మామూలు రూల్డ్ నోట్‌బుక్కే, తేదీ నేనే వేసుకుంటా. పన్నెండో తేదీ పక్కన ఇరవయ్యో తేదీ ఉన్నా ఎవరికీ నొప్పి లేదు.

రెండో తప్పు, ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేసే ప్లాన్, రోజూ రాయడం రెండూ ఒకేసారి నెత్తిన వేసుకోవడం. బైబిల్‌లో 1189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు తప్పవు. 1842లో మెక్‌షెయిన్ అనే స్కాట్లాండ్ పాస్టర్ తన సంఘం కోసం వేసిన ప్లాన్ ఇప్పటికీ చాలామంది వాడతారు కదా, అందులో రోజుకి నాలుగు, పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు అయిపోతాయి. మంచి ప్లానే, చదవడానికి. కానీ నాలుగు అధ్యాయాలు చదివి టైమ్ చూసుకుని హడావిడిగా రాస్తే ఏం వస్తుంది, చదివినదాని హెడ్డింగులే వస్తాయి. ఇప్పుడు రాయడానికి ఒక్క అధ్యాయమే, ఒక్కోసారి అందులో సగమే. ఇంకేమైనా చదివితే అది వేరే.

పద్ధతి సంగతికొస్తే, చాలామంది చెప్పే సోప్ పద్ధతి, అంటే వచనం రాసుకోవడం, గమనించింది రాయడం, నా జీవితానికి ఏంటో రాయడం, చివర ప్రార్థన, ఇది రెండేళ్లు వాడా. మొదట్లో బానే ఉంది, ఖాళీ పేజీ చూసి బిక్కమొహం వేయక్కర్లేదు. కానీ ఆ మూడోది ఉంది చూశారూ, రోజూ ఏదో ఒక అన్వయింపు రాసి తీరాలి అనేసరికి నేను అబద్ధాలు రాయడం మొదలుపెట్టా. మొదటి దినవృత్తాంతములలో తొమ్మిది అధ్యాయాలు ఎక్కువగా వంశావళులే, వాటి కింద కూడా "నేను ఇంకా ఓపికగా ఉండాలి" అని రాశా! వెనక్కి తిప్పి చూస్తే అదే వాక్యం ఆ నోట్‌బుక్‌లో పదిసార్లకి పైనే ఉంది, ఓపిక మాత్రం రాలేదు.

అప్పట్నుంచి అన్వయింపు బదులు ప్రశ్న రాస్తున్నా. నాకు అర్థం కానిది, ఇబ్బంది పెట్టింది, ఇలా ఎందుకు రాశారు అనిపించింది, అంతే. ఉదాహరణకి మార్కు 8లో బేత్సయిదా గుడ్డివాడి సంగతి అంతకుముందు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రశ్న రాద్దాం అని కూర్చున్నాకే తట్టింది, యేసు ఒకసారి చేతులుంచాక "నీకేమైనా కనబడుతోందా" అని అడగడం, వాడు మనుషులు చెట్లలాగా నడుస్తున్నారు అనడం, మళ్లీ రెండోసారి చేతులుంచడం. ఎందుకు రెండుసార్లు? ఆ ప్రశ్న మూడు రోజులు మోశా. తర్వాతి వచనాలు చూస్తే పేతురు నువ్వు క్రీస్తువి అని ఒప్పుకుంటాడు, ఆ వెంటనే సిలువ మాట వినగానే అడ్డుపడి గద్దింపు తింటాడు. సగం చూపు! ఇది నోట్స్ ఉన్న బైబిళ్లలో దొరకదని కాదు, నాకై నాకు కనబడింది కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

చేత్తో వాక్యం ఎత్తి రాసుకోవడం టైమ్ వేస్ట్ అనుకునేవాణ్ణి. ద్వితీయోపదేశకాండము 17లో రాజు కూడా ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తన కోసం రాసుకోవాలని ఉంది, అది చూసి ఒకసారి ట్రై చేశా, 119వ కీర్తనతో. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, రోజుకొకటి. చెయ్యి నొప్పి పుట్టింది కానీ కన్ను దాటేసే మాటల్ని చెయ్యి దాటలేదు. ఇంకో సంగతి, మన బైబిల్ భాష గ్రాంథికం కదా, రాసేటప్పుడు మనకీ అదే యాస వచ్చేస్తుంది, "దయచేయుదువు గాక" అంటూ. ఎత్తి రాశాక కిందే మామూలుగా ఇంట్లో మాట్లాడే తెలుగులో తిరగరాస్తా. అక్కడ తడబడ్డానంటే అది నాకు అర్థం కాలేదన్నమాట.

అసలు లాభం మాత్రం పాతవి తిరగేసినప్పుడే. మొదటి నోట్‌బుక్‌లో ఒక ఇంటర్వ్యూ రోజు పొద్దున యిర్మీయా 29:11, అంటే మీ మేలు కోసమే నా ఆలోచనలు అని దేవుడు చెప్పే వచనం, పెద్ద అక్షరాలతో రాసి బాక్స్ కట్టా. ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఒక్క అక్షరం లేదు, అలిగానన్నమాట. మూడేళ్ల తర్వాత ఆ అధ్యాయం మొత్తం చదివితే, అది బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరం, ఇళ్లు కట్టుకోండి తోటలు వేసుకోండి అని చెప్తుంది, పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అయ్యాకే వెనక్కి రప్పిస్తానని ఉంది. పాత పేజీ పక్కన వేరే ఇంకుతో "10వ వచనం చదవలేదురా నువ్వు" అని రాసుకున్నా.

నాన్న హాస్పిటల్‌లో ఉన్నప్పుడు పదకొండు రోజులు ఒకే లైన్ ఉంది, 13వ కీర్తన మొదటి మాట, ఎన్నాళ్లవరకు. ఇంకేం రాయలేకపోయా. 88వ కీర్తన చీకటితోనే ముగిసిపోతుందని అప్పుడే గమనించా, అది బైబిల్‌లో ఉందంటే నా పేజీలో ఉన్నా తప్పులేదనిపించింది.

ప్రార్థన లిస్టు చివరి పేజీల్లో రాస్తా, అడిగిన తేదీ, జవాబు వచ్చిన తేదీ. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ ఇలాగే రికార్డులు పెట్టేవాడు. కానీ నాకది కిరాణా ఖాతాలాగా తయారైంది, ఎన్ని వచ్చాయి ఎన్ని బాకీ అని. ఇప్పుడు "లేదు" అన్న జవాబు కూడా రాస్తున్నా, ఆ కాలమ్ చిన్నదేం కాదు.

ఫోన్ యాప్ ఏడాది వాడా. వెతుక్కోవడం తేలిక, అది ఒప్పుకుంటా. కానీ నోటిఫికేషన్ వస్తే ధ్యానం గోవిందా, పైగా ఫోన్ మార్చినప్పుడు ఎనిమిది నెలల నోట్సు పోయాయి, బ్యాకప్ పెట్టుకోకపోవడం నా తప్పే అనుకోండి. బైబిల్‌లోనే గీసేవాళ్లు జెల్ పెన్ మాత్రం వాడకండి, ఆ పల్చటి పేపర్‌కి అవతల పక్కకి దిగిపోతుంది, బాల్ పెన్నో పెన్సిలో చాలు.

ఇంకొకటి, ఎవరైనా చదువుతారన్న అనుమానం ఉంటే రాతలో నిజం ఉండదు, చర్చిలో సాక్ష్యం చెప్తున్నట్టు ఉంటుంది. నా బుక్ బీరువాలో ఉంటుంది.

ప్రస్తుతం సంఖ్యాకాండములో ఉన్నా. ఈ వారం రెండు రోజులు మిస్. ఇవాళ్టి పేజీలో రాసిన ప్రశ్న, నీళ్ల కోసం బండతో మాట్లాడమని దేవుడంటే మోషే ఎందుకు కొట్టాడు, దానికి వాగ్దాన దేశంలోకి వెళ్లనివ్వనంత శిక్షా అని. ఇంకా జవాబు రాయలేదు.