ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఇంట్లో దేశీ కుక్క: నాలుగేళ్ల అనుభవం

"మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, ఏ బ్రీడ్ తీసుకుంటే బాగుంటుంది?" అని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది, ముందు వయసు చూడండి, బ్రీడ్ సంగతి తర్వాత. రెండు మూడు నెలల పిల్ల రెండు గంటలకోసారి పాస్ పోస్తుంది, రోజుకి మూడు నాలుగు సార్లు తినాలి, పళ్లొచ్చే టైములో దొరికిందల్లా కొరుకుతుంది, పైగా టీకాల కోర్సు పూర్తయ్యేదాకా బయట తిప్పకూడదు. ఇంట్లో పగలు మనిషి లేకపోతే ఆ పిల్లని తెచ్చి బాధపెట్టడమే.

మా మల్లి హైదరాబాద్ వీధికుక్క. షెల్టర్ నుంచి తెచ్చుకునేటప్పటికే దానికి దాదాపు రెండేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అన్నీ అయిపోయాయి. ఇంట్లో పాస్ పోయకూడదని వారంలోపే నేర్చుకుంది. పొద్దున ముప్పావుగంట నేను తిప్పుతాను, రాత్రి మా ఆవిడ తిప్పుతుంది, మధ్యలో వాళ్లూ వీళ్లూ "పడుకుంటుందిలే" అన్నా వినకుండా మధ్యాహ్నం ఒకసారి బయటికి తీసుకెళ్లడానికి ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. ఈ ఖర్చు భరించలేమనుకుంటే అసలు ఏ కుక్కా వద్దు, ఎందుకంటే తొమ్మిది గంటలు ఆపుకోమనడం పెద్ద కుక్కకైనా అన్యాయమే.

పొట్టి బొచ్చు కాబట్టి స్నానం, దువ్వడం పెద్ద పని కాదు, సీజన్ మారినప్పుడు మాత్రం సోఫా నిండా వెంట్రుకలే. మే నెల ఎండల్లో ఫ్యాన్ కింద చల్లని గచ్చు మీద హాయిగా పడుకుంటుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక హస్కీ ఉంది, సైబీరియా చలికోసం పుట్టిన రెండు పొరల బొచ్చు పాపం దానికి, ఏసీ ఆపితే రొప్పుతూనే ఉంటుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పగ్‌కి ముక్కు అణిగిపోయి ఉంటుంది కాబట్టి ఎండలో ఊపిరే కష్టం. బీగిల్ గుంపుగా వేటాడే జాతి, ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుంది. ల్యాబ్రడార్ మనసు బంగారమే కానీ రోజూ బాగా పరిగెత్తించకపోతే ఒళ్లొచ్చి కీళ్లు పాడవుతాయి. మన కర్ణాటక జాతి ముధోల్ అయితే వేటకి పరుగెత్తే కుక్క, రెండు బెడ్‌రూముల ఫ్లాట్ దానికి సరిపోదు.

మల్లితో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు, మాకే దగ్గరవడానికి రెండు నెలలు పట్టింది, అప్పటిదాకా మంచం కిందే ఉండేది. కాలింగ్ బెల్ మోగితే చాలు మొరుగుతుంది. దీపావళికి వణికిపోతుంది, అందుకే ఆ రెండు రోజులు మాలో ఒకరం లీవు పెడతాం. మొదటి వానాకాలంలో పిడుదుల వల్ల టిక్ ఫీవర్ వచ్చింది, తిండి మానేసి ప్లేట్‌లెట్లు పడిపోతే నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాం, చాలా టెన్షన్ పడ్డాం. అప్పటినుంచి పిడుదుల మాత్ర నెలనెలా తప్పదు.

అసోసియేషన్ వాళ్లు లిఫ్టులో కుక్కని ఎక్కించొద్దన్నారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలా ఆపకూడదని ఉంది, ప్రింటు తీసి చూపిస్తే ఒప్పుకున్నారు.

తీసుకునే ముందు షెల్టర్ వాళ్లని అడిగి కొన్నాళ్లు ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా, ఇంట్లో ఉంచుకోండి. మీరు బయటికి వెళ్లాక అది ఏం చేస్తుందో ఫోన్ కెమెరా పెట్టి చూడండి, తలుపు గీకుతూ ఏడుస్తుంటే ఇంకో కుక్కని చూడటమే దానికీ మీకూ మంచిది.