పదహారేళ్ల వెయిట్‌లిఫ్టర్‌కి ఏది మేలు: కామన్వెల్తా, ఏషియనా, వరల్డా?

కొండవెలగాడలోనో ఆమదాలవలస పక్క ఊళ్లలోనో ఒక పిల్ల నేషనల్స్‌లో మెడల్ కొట్టిందంటే, ఇక ఇంట్లో అదే చర్చ: ఈసారి ఏ ట్రయల్స్‌కి (ఇండియా టీమ్ ఎంపిక పోటీలకు) తయారు చేయాలి? "గురువుగారూ, ఎక్కడ కొట్టినా గోల్డు గోల్డే కదా?" అని తండ్రులు అడుగుతారు. కాదు. చాలా తేడా ఉంది.

ముందు వయసు సంగతి. యూత్ అంటే 13 నుంచి 17, జూనియర్ అంటే 15 నుంచి 20 ఏళ్లు. పుట్టినరోజు చూడరు, పుట్టిన సంవత్సరమే లెక్క. అంటే 15, 16, 17 ఏళ్ల పిల్లలు రెండింటికీ అర్హులే. తొందరపాటంతా ఇక్కడే వస్తుంది.

కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో యూత్, జూనియర్, సీనియర్ పోటీలు ఒకేచోట జరుగుతాయి. ఎత్తిన బరువు సరిపోతే ఒకే పిల్లకు రెండు విభాగాల్లో మెడల్ రావచ్చు. చైనా, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, ఉత్తర కొరియా ఇందులో ఉండవు కాబట్టి పోటీ పలచగా ఉంటుంది. అలాగని నేను దీన్ని తీసిపారేయను. కూలి పనులు చేసుకునే ఇంట్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లకు ఆ సర్టిఫికెట్ పెద్ద ఆసరా. కాకపోతే మన వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి 2014లో గ్లాస్గోలో గెలిచిన పతకంతో దీన్ని కలిపి చూడకూడదు. అది నాలుగేళ్లకోసారి జరిగే కామన్వెల్త్ గేమ్స్ పతకం.

ఏషియన్ యూత్ అలా కాదు. పైన చెప్పిన దేశాలతో పాటు వియత్నాం, థాయ్‌లాండ్ పిల్లలు కూడా వస్తారు. తక్కువ బరువు తరగతుల్లో అయితే ప్రపంచ పోటీ సగం ఇక్కడే ఉంటుంది. నన్నడిగితే కామన్వెల్త్ గోల్డు కన్నా ఏషియన్‌లో అయిదో స్థానమే పిల్ల సత్తాను సరిగ్గా చెబుతుంది. స్నాచ్‌కి (బార్‌ని ఒకే ఊపులో తల పైకి ఎత్తడం), క్లీన్ అండ్ జర్క్‌కి (ముందు భుజాల దాకా తెచ్చేది క్లీన్, అక్కణ్ణుంచి తల పైకి ఎత్తేది జర్క్), రెండూ కలిపిన టోటల్‌కి వేర్వేరు మెడల్స్ ఇస్తారు కాబట్టి, ఒక లిఫ్ట్‌లో బలంగా ఉన్న పిల్ల ఉత్త చేతులతో రావాల్సిన పని లేదు.

ఇక వరల్డ్ యూత్, వరల్డ్ జూనియర్. 2022లో మెక్సికోలోని లియోన్‌లో మన విజయనగరం జిల్లా కుర్రాడు సనపతి గురునాయుడు వరల్డ్ యూత్ 55 కేజీల్లో గోల్డు కొట్టాడు. అప్పటికి అతనికి 16 ఏళ్లు. స్నాచ్ 104, క్లీన్ అండ్ జర్క్ 126, టోటల్ 230. రెండో స్థానంలో ఉన్న సౌదీ కుర్రాడిది 229. స్నాచ్ అయ్యేసరికి మనవాడే ఒక కేజీ వెనక ఉన్నాడు. అలాంటప్పుడు బార్ మీద ఎంత వేయించాలి, ఎదుటివాళ్లు బరువు మార్చితే మనం ఏం చేయాలి అన్నది ఆ ఆటలోనే నేర్చుకోవాలి. తోటి వయసువాళ్లతో పోటీ పడితేనే ఆ అనుభవం వస్తుంది.

అదే ఏడాది గ్రీస్‌లోని హెరాక్లియోన్‌లో మహారాష్ట్ర అమ్మాయి హర్షద గరుడ్ 45 కేజీల్లో 153 ఎత్తి వరల్డ్ జూనియర్ గెలిచింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. ఆ వయసు ముఖ్యం. జూనియర్‌లో పదహారేళ్ల పిల్ల పక్కన ఇరవై ఏళ్ల అమ్మాయి నిలబడుతుంది. నాలుగేళ్ల ట్రైనింగ్ తేడాను ఉత్సాహంతోనో పట్టుదలతోనో పూడ్చలేం. అందుకే 18 లోపు నా ఓటు యూత్‌కే: ముందు కామన్వెల్త్, ఆ వెంటనే ఏషియన్. టోటల్ ఆ స్థాయిని అందుకుంటే వరల్డ్ యూత్. జూనియర్ వరల్డ్ ఆ తర్వాతే.

ఒక్క విషయంలో మాత్రం ఏ పోటీ అయినా ఒకటే, బరువు దించడం. పోటీకి రెండు గంటల ముందు వెయ్-ఇన్ (పిల్లల బరువు తూచడం) ఉంటుంది. మెడల్ సులువని ఎదిగే పిల్లను కింది తరగతికి దించుతారు. మన ఎండల్లో స్వెట్టర్ వేసి పరిగెత్తిస్తారు, అన్నం మాన్పిస్తారు, పొద్దున్నే తాగే చోడి అంబలి కూడా ఆపేస్తారు. తీరా క్లీన్ దాకా బాగానే వచ్చి జర్క్‌లో మోకాళ్లు వణుకుతాయి. ఇది చూస్తే నాకు కోపం ఆగదు. పైగా 2025 జూన్‌లో బరువు తరగతులే మారాయి. గురునాయుడి 55, హర్షద 45 అప్పుడే పోయాయి. నిన్నటి తరగతి కోసం పిల్ల ఒంటిని ఎండగట్టకండి. పిల్ల సహజంగా ఉన్న బరువు ఏ తరగతికి వస్తే ఆ తరగతిలో కిందటి ఏషియన్ యూత్ ఫలితాలు కోచ్‌ని అడిగి తీసుకోండి. మొదటి ఆరుగురి టోటల్ పక్కన పిల్ల టోటల్ రాసి చూశాకే ట్రయల్స్ సంగతి మాట్లాడండి.