కయోటీని పిలవడానికి పీక మేలా, స్పీకరు మేలా?

పశ్చిమ టెక్సాస్ బయలు భూముల్లో కయోటీని వెంటాడి కొట్టడం అయ్యే పని కాదు. నక్క కన్నా పెద్దదీ తోడేలు కన్నా చిన్నదీ అయిన ఈ జంతువు మనిషిని చాలా దూరం నుంచే పసిగడుతుంది. అందుకే అక్కడి వేటగాళ్లు ఒకచోట నక్కి కూర్చుని, చావుబతుకుల్లో ఉన్న కుందేలు కేక వినిపించి దాన్నే రప్పించుకుంటారు. ఆ కేకను పీకతో, అంటే నోట పెట్టుకుని ఊదే చిన్న గొట్టంతో పలికించాలా, రిమోట్‌తో నడిచే స్పీకరులో మోగించాలా అన్నదే తగవు. (ఇదంతా అమెరికా మాట. మన దేశంలో నక్కను వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.)

ధరలో పోటీయే లేదు. పీక పది, ఇరవై డాలర్లకు దొరుకుతుంది. మంచి స్పీకరుకు వందల డాలర్లు పెట్టాలి, పైగా బ్యాటరీ సంగతి చూసుకోవాలి, బరువు మోయాలి. అయినా నా ఓటు స్పీకరుకే. కయోటీ కేక వచ్చిన చోటును చెవులతోనే కచ్చితంగా గుర్తుపడుతుంది. పీక ఊదితే దాని చూపు నేరుగా మీ మీదే ఉంటుంది, తుపాకి కాస్త కదిపినా తిరిగి చూడకుండా పారిపోతుంది. స్పీకరును ముప్ఫై, నలభై గజాల అవతల పెడితే దాని ధ్యాసంతా అటే.

అసలు చిక్కు గాలితో. కయోటీ చాలాసార్లు తిన్నగా రాదు, వాసన పట్టడానికి గాలి వెళ్లే వైపుకు చుట్టు తిరిగి వస్తుంది. కాబట్టి గాలి మీకు పక్కనుంచి వీచేలా కూర్చుని, స్పీకరును గాలి వచ్చే వైపు ఉంచాలి. అలా చేస్తే, మీ వాసన అందేలోపే అది మీ ఎదుటికి వస్తుంది. పీకతో ఈ ఏర్పాటు కుదరదు, వాసనా కేకా ఒకే చోటి నుంచి వెళతాయి. ఇద్దరు వెళ్లి, ఒకరు ఊదుతుంటే మరొకరు తుపాకి పట్టుకుంటే తప్ప.

పీకకు దాని చోటు దానికుంది. రీడు (ఊదితే అదిరి శబ్దం చేసే పలుచని రేకు) లోపల మూసి ఉన్న రకం కొత్తవారికి సులువు, ఊదితే చాలు కుందేలు కేక వస్తుంది. రీడు బయటికి ఉన్న రకం నేర్చుకోవడానికి ఓపిక కావాలి కానీ, పెదవి ఒత్తిడి మార్చి ఎలుక కిచకిచ నుంచి కయోటీ ఊళ దాకా పలికించవచ్చు. గడ్డకట్టే చలిలో మాత్రం నోటి తడి రీడు మీద పేరుకుని పీక మూగబోతుంది. అందరూ ఒకే రికార్డింగు మోగించి కయోటీలను బెదరగొట్టిన చోట మనిషి ఊదే వంకర కేకే నయం. జనవరి నుంచి మార్చి వరకు జతకట్టే కాలంలో ఊళకు అవి బాగా పలుకుతాయి. వసంతంలో పిల్లల ఏడుపు వినిపించి తల్లిని రప్పించడం మాత్రం చట్టం ఒప్పుకున్నా నాకు ససేమిరా నచ్చదు.

టెక్సాస్‌లో ఏడాది పొడవునా కయోటీ వేటకూ స్పీకరుకూ అనుమతి ఉంది. వేరే రాష్ట్రాల్లో నియమాలు వేరు, ముందే చూసుకోవాలి. స్పీకరు కొన్నా పీకను మెడలో వేసుకునే వెళ్లండి. పరుగున వచ్చే కయోటీని గురి కుదిరేలా ఒక్క క్షణం ఆపాలంటే, రిమోట్ మీద బొత్తాం వెతికే కన్నా పీకతో చిన్న మొరుగు వినిపించడమే త్వరగా అయ్యే పని.