తిరుపతి సిటీ బస్సు: బస్సు బాగానే ఉంది, స్టాపు దాకా పోయేదే పెద్ద పని

ముందు బస్సు సంగతి చెప్పేస్తా. బస్సు బాగుంది. పెద్దోళ్ళు ఎక్కేదాకా డ్రైవర్లు ఆపుతారు, చాలామంది కండక్టర్లు ముందు సీట్లో ఎవరినో ఒకరిని లేపి కూర్చోబెడతారు, 2025 ఆగస్టు 15న ఆడోళ్ళకు ఫ్రీ బస్సు పథకం స్త్రీ శక్తి మొదలైనప్పటి నుంచి ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకు జీరో టికెట్టే. బస్సుకు నేను 5కి 4 ఇస్తా, రష్ టైంలో నిలబడటానికి కూడా చోటుండదు కాబట్టి ఒకటి తగ్గించినా. కానీ ఇంటి నుంచి ఆ స్టాపు దాకా పోయే దారికి ఒకటిన్నర ఇస్తే ఎక్కువ. ఈ రివ్యూ అంతా దాని గురించే. సర్వీసు ఎట్లుందో చెప్పాలంటే బస్సెక్కిన కాడ నుంచి కాదు, గడప దాటిన కాడ నుంచి లెక్కపెట్టాల అనేది నా గట్టి అభిప్రాయం.

మా సందులో నుంచి మెయిన్ రోడ్డు స్టాపుకు ఫోన్లో మ్యాప్ పెడితే 450 మీటర్లు, 6 నిమిషాలు అంటుంది. మామూలు మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడని ప్లానింగ్ వాళ్ళు లెక్కేసుకుంటారు, ఆ లెక్కకు 6 నిమిషాలు కరెక్టే, నేనొక్కణ్ణే పోతే అంతే పడుతుంది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, స్విమ్స్ ఆసుపత్రికి చూపించుకోడానికి పోవాల, ఆమెతో పోతే పావుగంట దాటుతుంది. వయసు పైబడినోళ్ళు నిమిషానికి 50 మీటర్లు నడిస్తే గొప్ప, అట్ల చూసినా 9 నిమిషాల్లో పోవాల కదా, మిగతా టైం యాడ పోతుందా అని ఒకసారి ఆమె పక్కనే నడుస్తా గమనించినా.

సందు చివరి దాకా ఏం ఇబ్బంది లేదు. మెయిన్ రోడ్డుకు రాగానే ఫుట్‌పాత్ ఉండాది, ఎక్కేదే కష్టం, అమ్మ నా భుజం పట్టుకొని నొప్పి తక్కువున్న కాలు ముందు పైకి పెట్టి, ఒక క్షణం ఆగి, రెండోది లాక్కుంటుంది. పది అడుగులేస్తే ఏదో షాపు ముందు ఫుట్‌పాత్ తెగిపోతుంది, దిగాల, మళ్ళీ ఎక్కాల. తర్వాత టిఫిన్ బండి, దాని కాడికి వచ్చినోళ్ళ బైకులు, ఇంకొంచెం పోతే కాలవ మీద బండ పక్కకు జరిగి కాలు పట్టేంత సందు. ఇంక రోడ్డు మీదికి దిగక ఏం చేస్తారు? ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఐఆర్‌సీ 103 చెప్తుంది, అంటే నడిచేవాళ్ళ సౌకర్యాల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన మార్గదర్శకాలు. అంటే మా అమ్మ అంత ఎత్తు కాలు లేపాల్సిన అవసరం రాకూడదు, రూల్ ప్రకారమే రాకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ టైం తినేది మాత్రం రోడ్డు దాటడమే. పోయేటప్పుడు ఒక పక్క స్టాపు, వచ్చేటప్పుడు అవతలి పక్క స్టాపు, కాబట్టి ఎవరికైనా రోజుకు ఒకసారి దాటక తప్పదు, మా స్టాపు ఎదురుగా డివైడర్ అడ్డం, గ్యాప్ ఎక్కడో ముందుకు ఉంది, అక్కడ బండ్లన్నీ యూటర్న్ కొడతా ఉంటాయి. "ఆ బండి పోనీ నాయనా, ఆటో వస్తాండాది, అది కూడా పోనీ" అంటా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని నిలబడుతుంది, ఇటు చూస్తే మా బస్సు స్టాపులో ఆగి కదిలిపోతా కనపడుతుంది. డ్రైవర్‌ది ఏం తప్పుంది, రోడ్డవతల ఎవరు బస్సు కోసం నిలబడినారో ఆయనకెట్ల తెలుస్తుంది. బస్సు మిస్సైతే తర్వాతి బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడాల, మేలో తిరుపతి ఎండ ఇక్కడోళ్ళకు చెప్పేపని లేదు, మా స్టాపుకు షెల్టర్ కూడా లేదు.

లండన్‌లో ఒక ఏరియాకు బస్సు ఎంత అందుబాటులో ఉందో చూసేటప్పుడు స్టాపు దాకా నడిచే టైం, అక్కడ వెయిట్ చేసే టైం రెండూ కలుపుతారు, 640 మీటర్లు అంటే 8 నిమిషాల నడక దాటితే ఆ స్టాపును లెక్కలోకే తీసుకోరు. నాకు నచ్చింది నిమిషాల్లో ఆలోచించడం. కాకపోతే అక్కడ కూడా నిమిషానికి 80 మీటర్లే పెట్టుకున్నారు, అమ్మలాంటోళ్ళు ఆ లెక్కలో పట్టరు. మనకాడ ఇంకా మ్యాప్ మీద సర్కిల్ గీసి 400 మీటర్లలో స్టాపుంది అంటే సరిపోదు, తిన్నగా గీసిన గీత మీద ఎవరూ నడవరు, సందులు తిరిగే పోవాల.

కొండకు పోయే బస్సులు చూడండి, ఎంత తేడానో. టీటీడీ వసతి గృహాల్లో విష్ణు నివాసం రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా, రూములో నుంచి బయటికొస్తే బస్సు కళ్ళముందే. 2022 నుంచి ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతా ఉన్నాయి, సౌండు లేకుండా హాయిగా ఉంటాయి. ఎంత ముసలోళ్ళైనా కొండకు బస్సులో పోగలుగుతా ఉన్నారంటే స్టాపు దగ్గర ఉండటం వల్లే. మా కాలనీల్లో ఉండే ముసలోళ్ళకు ఆ సౌకర్యం లేదు, అందుకే టికెట్ ఫ్రీ అయినా మా అమ్మ ఇప్పటికీ ఆటోకే డబ్బులు పెడతాండాది. ఆటో ఇంటి ముందుకొస్తుంది, అంతే కారణం. మా వీధిలో చాలామంది ఆడోళ్ళ మాట కూడా ఇదే.

తిరుపతికి పెద్దోళ్ళతో వచ్చి లోపల తిరగాలనుకునేవాళ్ళు మ్యాప్ చూపించిన నడక టైంకు రెండింతలు వేసుకొని బయల్దేరండి, స్టాపు ఏ పక్క ఉందో ముందే కనుక్కోండి, రోడ్డు దాటేది సిగ్నల్ ఉన్నకాడే పెట్టుకోండి. ఇంక ఈ రోడ్లు చూసుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, కొత్త బస్సులు తర్వాత ఇద్దురు, ముందు మా స్టాపు ఎదురుగా డివైడర్లో మనుషులు పట్టేంత గ్యాప్, దానికి రెండు పక్కలా ర్యాంపు, జీబ్రా లైను, బండ్లు స్లో అయ్యేదానికి ముందు ఒక స్పీడ్ బ్రేకర్, కాలవ మీద ఆ బండ సరిగ్గా పెట్టించండి. ఇవి చేసిన రోజు నేనే వచ్చి రేటింగ్ మారుస్తా.